కొండ పక్కన దొరికిన రాగి

మా మామగారి కుడిచేతికి ఉన్నవి రెండే వేళ్ళు, బొటనవేలూ చూపుడువేలూ. ఆ రెండింటితోనే చొక్కా గుండీలు పెట్టుకుంటారు, గడ్డం గీసుకుంటారు, మా అత్తయ్యకి కళ్ళు ఆననప్పుడు సూదిలో దారం ఎక్కించి ఇస్తారు. పనిచేసే చోట ఆయన పేరు పటకారు. ఆ సంగతి తెలియక కొత్త కోడలిగా నేను ఒక ఘనకార్యం చేశాను. ఎవరో ఫోన్ చేసి, "పటకారుని ఒకసారి ఇస్తావా అమ్మా?" అని అడిగారు. "మా పటకారు మాకే కావాలండీ, ఇంకెవరినైనా అడగండి" అని పెట్టేశాను. వెనకాల కుర్చీలో కూర్చున్న మామగారు వారం పొడుగునా నవ్వారు. ఇంటికి ఎవరొచ్చినా అదే కథ. నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

అంత దెబ్బ తిన్న మనిషి దాని గురించి చెప్పేటప్పుడు గొంతులో కాస్తయినా చేదు ఉంటుందని అనుకుంటాం. ఆయన గొంతులో నేనెప్పుడూ వినలేదు. ఆ కథ ఎక్కడ మొదలుపెట్టినా, తనకి ఎవరెవరు సాయం చేశారో అక్కడికే వచ్చి ఆగేవారు. వాళ్ళలో ఒకతని పేరు మాత్రం చెప్పలేకపోయేవారు. తెలియదు కాబట్టి.

మా ఊరి పక్కన ఒక బోడికొండ ఉంది. వాన వెలిసిన పొద్దున చూస్తే దాని ఒక వైపంతా పచ్చటి మరకలు కనిపిస్తాయి, తోమని రాగిచెంబుకి చిలుము పట్టినట్టు. అది నిజంగా చిలుములాంటిదే. రాయిలో ఉన్న రాగి గాలికీ నీటికీ మారి అలా పైకి తేలుతుంది. ఎప్పుడో పాతకాలంలో ఎవరో ఆ మరకల వెంట గోతులు తవ్వుకుని, దొరికిన కాస్తా కరిగించుకుని వెళ్ళిపోయారు. తర్వాత ఆ గోతుల నిండా ముళ్ళపొదలే.

మా ఆయన ఇంకా పాకుతున్న రోజుల్లో మొదటి కంపెనీ వచ్చింది. కొండ పక్కనే గులకరాళ్ళ మైదానం. చదునుగా ఉంది కదా అని డేరాలన్నీ అక్కడే వేశారు. వంటపాక, నీళ్ళ ట్యాంకు, ఆ చివర రేకుల మరుగుదొడ్లు. రిగ్గుని మాత్రం పచ్చమరకలున్న చోటికి, కొండమీదికి ఎక్కించారు. మామగారు అప్పటిదాకా రాళ్ళు కోసే యార్డులో పనిచేసేవారు. మనిషి పొడగరి, భుజాలు గట్టివి. చూడగానే రిగ్గు మీదికి తీసుకున్నారు.

రిగ్గంటే నేలలోకి ఇనుపగొట్టాన్ని దింపే యంత్రం. గొట్టం కొసకి వజ్రపు తునకలు పొదిగిన ఉంగరంలాంటిది ఉంటుంది. అది గిర్రున తిరుగుతూ రాయిని గుండ్రంగా కోసుకుంటూ దిగుతుంది. మధ్యలో కోతపడకుండా మిగిలిన రాయి కడ్డీలా పైకొస్తుంది. దాన్నే కోర్ అంటారు. లోపల ఏముందో తెలియాలంటే ఆ కడ్డీ చూడాలి. ఒక రాడ్డు దిగగానే దాని నెత్తిన ఇంకో రాడ్డు బిగించాలి. అదీ మామగారి పని.

మొదటి గుంతలోంచే పసుపుపచ్చగా తళతళలాడే రాయి వచ్చింది. పక్కన పడేసిన ముక్క ఒకటి జేబులో వేసుకుని ఇంటికి తెచ్చారట. అత్తయ్య దాన్ని చూసి తలుపు గడియ పెట్టి, కిటికీ మూసి, పసివాడి చొక్కాలో చుట్టి బట్టలపెట్టె అడుగున దాచింది. కన్నతల్లికి కూడా చెప్పలేదు. రెండు నెలలు ఇరుగుపొరుగుతో మాట్లాడే తీరే మారిపోయిందట. చివరికి అది బంగారం కాదు, పైరైటు, ఇనుమూ గంధకమూ కలిసిన రాయి, ఆ కొండలో ఎక్కడ తవ్వినా అదే అని తెలిశాక ఆయన మీద ఎగిరిపడింది.

"మొదటే చెప్పొచ్చుగా!"

"నువ్వడగందే? నేను చూడ్డానికి బాగుందని తెచ్చా."

"నేను పక్కింటావిడతో రెండు నెలలు ముభావంగా ఉన్నానండీ! ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చక్కెర అడగను?"

రాడ్లు వేడెక్కకుండా, గుంత కూలిపోకుండా లోపలికి బురదనీళ్ళు పంపుతూ ఉండాలి. ఆ బురద కలపడానికి ఒకతను ఉండేవాడు. ఎప్పుడు చూసినా ఏదో ఒకటి గొణుక్కుంటూ ఉండేవాడు. ఎండెక్కువైతే ఎండని చూసి, చెంచా వంకరగా ఉంటే చెంచాని చూసి. అందుకని అతన్ని గొణుగుడనే పిలిచేవారు. అసలు పేరు ఎవరూ అడగలేదు. అతనూ చెప్పలేదు.

ఒకరోజు మామగారు తన బూట్లని అతని మంచినీళ్ళ తొట్టిలో ముంచి కడిగారు.

"నా నీళ్ళల్లో నీ బూట్లేంట్రా?"

"ఏం, నీళ్ళ మీద నీ పేరు రాసుందా?"

అంతే, మాటలు బంద్. ఒకే రిగ్గు మీద పనిచేస్తూ, ఒకే డేరాలో పడుకుంటూ, ఒకరు తూర్పంటే ఇంకొకరు పడమర. ఉప్పు కావాలన్నా మూడో మనిషిచేత అడిగించుకునేవారట. ఇద్దరూ పెళ్ళాంబిడ్డలున్న మగవాళ్ళే మరి.

ఆ మాటల్లేని రోజుల్లోనే జరిగింది. సన్నగా తుంపర పడుతోంది. మామగారు పొడుగుచేతుల వానచొక్కా వేసుకున్నారు. రాడ్డు తిరుగుతుండగా దాని మీద చేరిన బురద తుడవబోయారు. చేతి చొక్కా రాడ్డుకి చుట్టుకుంది.

"నేను అరిచానో లేదో నాకు తెలియదమ్మా" అంటారు ఆయన. "మీటల దగ్గరున్నవాడు గేజి ముల్లు వంక చూస్తున్నాడు. నన్ను చూసినవాడు ఒక్కడే. వాడు."

గొణుగుడాయన చేతిలో బురద తెడ్డు అక్కడే వదిలేసి ఒక్క గెంతులో వచ్చి ఎర్రమీట కొట్టాడు. రాడ్డు ఆగింది. చొక్కాని కత్తితో కోసి ఆయన్ని విడిపించాడు. తన నడుం బెల్టు లాగి మోచేతికి పైన చుట్టి, అందులో స్పానరు దూర్చి మెలిపెట్టి బిగించాడు. జీపు వెనకసీట్లో ఆయన తలని ఒళ్ళో పెట్టుకుని, ఆ చేతిని పైకెత్తి జీపు కప్పుకి ఆనించి పట్టుకున్నాడు. కొండదారి. గుంతకో ఎగురు. ఆసుపత్రి దాకా ఆ చెయ్యి కిందికి జారనివ్వలేదు.

దారి పొడుగునా గొణుగుతూనే ఉన్నాడట. ఏం గొణిగాడు మామయ్యా అని నేనడిగితే, మామగారు అతని గొంతు పెట్టి చెప్పేవారు.

"ఇంకోసారి నా తొట్టిలో బూట్లు కడుగు, అప్పుడు చెప్తా నీ సంగతి. కడుగుతావు కదా? కడుగుతావు. నాకు తెలుసు, కడుగుతావు. కళ్ళు మూశావంటే ఊరుకోను. ఏయ్, వినపడుతోందా? రేపే కడుగుతావు."

ఆసుపత్రిలో కట్టు విప్పిన డాక్టరు, ఇది కట్టిన మనిషెవరో కనుక్కుని దణ్ణం పెట్టుకోమన్నాడు. మూడు వేళ్ళు పోయాయి గానీ మనిషి దక్కాడు, ముంజేయి దక్కింది. మామగారికి తెలివొచ్చి, నోట మాటొచ్చి, ఆ గొణుగుడుని పిలవండి అనేసరికి, రిగ్గు నడిపే కాంట్రాక్టరు యంత్రాన్ని ఊడదీసి లారీలకెక్కించి ఎక్కడో వేరే పనికి తీసుకుపోయాడు. దాంతోపాటు మనుషులూ పోయారు. గుంతల్లో రాగి తగలకపోవడంతో కంపెనీ గుంతలు వేయడం ఆపేసింది, అప్పటిదాకా తీసిన కోర్ చూసే పని మాత్రం మిగిలింది. తర్వాత ఆ కాంట్రాక్టరు వ్యాపారమే ఎత్తేశాడు. ఎవరిని అడిగినా, "గొణుగుడా? ఎటు పోయాడో మరి" అన్నవాళ్ళే. పేరు తెలియని మనిషిని ఏమని వెతకాలి?

అత్తయ్య ఆ రోజులు తలుచుకుని, "ఆయన మంచం మీద గోడ వైపు తిరిగి పడుకునేవారు. నేను బిడ్డని చంకనేసుకుని ఇటు నిలబడేదాన్ని" అంటుంది. అంతకుమించి చెప్పదు.

అప్పుడొచ్చింది జియాలజిస్టమ్మ. ఆ క్యాంపులో అందరికన్నా చిన్నది, చదువు పూర్తిచేసి నేరుగా కొండకొచ్చిన పిల్ల. అందరూ పళ్ళూ బిస్కెట్లూ తెస్తే ఈవిడ ఒక రాయిముక్కా, మెడలో వేసుకునే భూతద్దమూ తెచ్చింది. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని భూతద్దం ఆయన కట్టు పక్కన పెట్టింది.

"ఇది పట్టుకోండి అన్నయ్యా."

ఆయన ఎడమచెయ్యి చాపారు.

"అది కాదు, అది. రెండు వేళ్ళు చాలు దీనికి."

రెండు వేళ్ళతో పట్టుకున్నారు. వణికింది. పడింది. మళ్ళీ పట్టుకున్నారు. రాయిని కంటి దగ్గర పెట్టుకుని చూస్తే లోపల ఒక్కో గింజా ఒక్కో రంగు.

"నాకు కోర్ షెడ్డులో మనిషి కావాలి. రాడ్లు మొయ్యక్కర్లేదు. నాతోపాటు చూస్తే చాలు" అంది.

"నా చెయ్యి చూసి ఆవిడ ఒక్కసారి కూడా అయ్యో అనలేదు. అంతకన్నా మంచి మందు నాకెవరూ ఇవ్వలేదు" అంటారు మామగారు.

షెడ్డంటే రేకుల కప్పు కింద పొడుగాటి గది. రెండు వైపులా అరలు, అరల నిండా పెట్టెలు, పెట్టెల్లో గాళ్ళు, గాళ్ళలో వరసగా కోర్ కడ్డీలు. మధ్యలో ఎత్తయిన బల్ల. ఒక మూలన, రాయిని నిలువునా చీల్చే రంపం. ఒక సగం పరీక్షకి పోతుంది, ఒక సగం పెట్టెలో ఉండిపోతుంది. పొడిగా ఉన్నప్పుడు అన్నీ ఒకే బూడిదరంగు. గొట్టంతో నీళ్ళు కొట్టగానే రంగులన్నీ పైకొస్తాయి. ఆ నీళ్ళు కొట్టే క్షణం ఆయనకి ఎంత ఇష్టమంటే, షెడ్డుకి ఎవరొచ్చినా ముందు అది చూపించాకే కుర్చీ వేసేవారు.

కంపెనీ సర్దుకుని వెళ్ళిపోయేటప్పుడు, తీసిన కోర్ అంతా గనుల ఆఫీసుకి అప్పగించాలన్నది నియమం. జియాలజిస్టమ్మ ఆ ఆఫీసు చుట్టూ తిరిగి, పెట్టెలతోపాటు మనిషినీ అప్పగించింది. "ఇవి ఇలాగే ఉండాలంటే ఈయన ఉండాలి" అని పెద్దాఫీసరు బల్ల ముందు కూర్చుని లేవలేదట. అలా మామగారికి నిలకడైన ఉద్యోగం వచ్చింది. అత్తయ్య ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుంది. మా ఆయన చదువు, ఈ ఇల్లు, ఆఖరికి నేను ఈ ఇంటికి రావడం, అన్నీ ఆ బల్ల ముందు ఆవిడ లేవకపోవడం వల్లనే అని మామగారి లెక్క.

కొన్నేళ్ళకి రెండో కంపెనీ వచ్చింది. వీళ్ళని ఊళ్ళో కరెంటువాళ్ళనేవారు. కొండ చుట్టూ తీగలు పరిచి, నేలలోకి కరెంటు పంపి, అది ఎక్కడ కాసేపు నిలుస్తుందో చూసేవారు. లోహం లాంటి ఖనిజం ఉన్నచోట నిలుస్తుందట. అలాంటి చోటల్లా మ్యాపులో ఎర్రగా పడింది. కొండ మీదుగా పోయి మైదానాన్ని చుట్టొచ్చిన ఎర్రటి ఉంగరం. ఇంకేముంది, పండగే అనుకున్నారు. ఉంగరం మీద వరసగా గుంతలు వేశారు. ప్రతి గుంతలోనూ పైరైటే. మామగారికి పెట్టెలు పెరిగాయి తప్ప వాళ్ళకి ఒరిగిందేమీ లేదు. వాళ్ళూ మూటాముల్లే సర్దుకున్నారు. ఊళ్ళో ఆ కొండకి ఉత్తకొండ అని పేరొచ్చింది. ఎవరైనా జరగని పని గురించి మాట్లాడితే, "అదా, ఉత్తకొండలో రాగి" అనేవాళ్ళు.

మామగారు మాత్రం ఒప్పుకునేవారు కాదు. "నా వేళ్ళు అందులో ఉన్నాయి. రాగి లేకుండా ఎలా ఉంటుంది?" అనేవారు. ఆ తర్కం నాకెప్పుడూ అర్థం కాలేదు.

నా పెళ్ళయిన కొన్నాళ్ళకి జియాలజిస్టమ్మ తిరిగొచ్చింది. జుట్టు సగం నెరిసింది. కళ్ళజోడు వచ్చింది. ఎక్కడెక్కడో పనిచేసి, ఇప్పుడు ఇంకో ముగ్గురితో కలిసి సొంతంగా ఒక చిన్న కంపెనీ పెట్టింది. రిగ్గు తేలేదు, తీగలు తేలేదు. నేరుగా షెడ్డుకొచ్చి, "అన్నయ్యా, అన్నీ బయటికి తీద్దాం" అంది.

"అన్నీయా?"

"అన్నీ."

ఆ ఎండాకాలమంతా గనుల ఆఫీసు వెనక ఖాళీజాగాలో పెట్టెలు పరిచారు. కొండమీద ఏ గుంత ఎక్కడుందో, ఇక్కడ దాని పెట్టెలు ఆ దిక్కునే ఉండేలా. మోయడానికి మనుషులని పెట్టుకుంది గానీ, నీళ్ళు కొట్టే పని మామగారు ఎవరికీ ఇవ్వలేదు. నేను పాఠాలు చెప్పే ఒంటిపూట బడి నుంచి వచ్చేటప్పుడు వాళ్ళకి టీ ఫ్లాస్కు ఇచ్చి కాసేపు నిలబడేదాన్ని. ఆవిడ ఒక గుంత దగ్గర వంగి, లేచి, పది అడుగులు నడిచి ఇంకో గుంత దగ్గర వంగేది. చేతిలో దారానికి కట్టిన అయస్కాంతం. ఒకరోజు ఉన్నట్టుండి ఆగిపోయింది.

"అన్నయ్యా, ఇటు రండి. ఈ బయటి పెట్టెల్లో రాయి ఏ రంగు?"

"ఆకుపచ్చ."

"ఇక్కడ?"

"తెలుపు. పైరైటు నిండా."

"ఇప్పుడు ఈ లోపలి వైపు చివర్లు చూడండి."

లోపలి వైపుకి వాలుగా దిగిన రెండు గుంతల అడుగు పెట్టెల్లో రాయి లేతగులాబీ రంగుకి తిరుగుతోంది. మధ్యలో నల్లటి మైకా. సన్నటి తెల్లటి గీతలు. దారానికి వేలాడే అయస్కాంతం దాని మీదికి వాలి టక్కున అతుక్కుంది.

ఆవిడ మాకు విడమరిచి చెప్పింది. ఎంతో కాలం కిందట కరిగిన రాయి పైకి రాబోయి దారిలోనే చల్లారింది. దాంట్లోంచి మరిగిన నీళ్ళు రాగినీ బంగారాన్నీ మోసుకుంటూ పగుళ్ళగుండా తన్నుకొచ్చాయి. మధ్యలో వేడెక్కువ, అంచులకి పోయేకొద్దీ తక్కువ. ఆ వేడిని బట్టే రాయి రంగు మారింది. అంచున ఆకుపచ్చ, దాని లోపల తెలుపు, నడిబొడ్డున గులాబీ, నలుపు, వాటిలో అయస్కాంతానికి అంటుకునే ఇనుపఖనిజం. పైరైటు చేరేది తెల్లటి వలయంలో. రాగి చేరేది నడిబొడ్డున.

"అంటే మనం ఇన్నాళ్ళూ..."

"గోడ చుట్టూ తిరిగాం అన్నయ్యా. ఇంట్లోకి వెళ్ళలేదు. తెల్లరాయి గట్టిది, అందుకే అరగకుండా కొండలా నిలబడింది. మధ్యలో రాయి మెత్తన, అరిగి గుంటపడింది. ఆ గుంటలో వాగు గులకరాళ్ళు పోసింది. ఆ కరెంటువాళ్ళకి ఎర్రగా కనపడిందంతా పైరైటు. మధ్యలో చప్పగా ఉందని వాళ్ళటు చూడలేదు. నేనూ చూడలేదు."

మామగారు నెమ్మదిగా తల తిప్పి మైదానం ఉన్న దిక్కుకి చూశారు. "అక్కడా? క్యాంపు వేసిన చోటా?"

"క్యాంపు కాదు. ఇంకాస్త అవతల."

"ఇంకాస్త అవతల మరుగుదొడ్లే కదమ్మా ఉండేవి!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. పెట్టెలు మోసే వాళ్ళు ఏం జరిగిందోనని పరుగెత్తుకొచ్చారు.

నవ్వారు గానీ ఆయన నమ్మలేదు. రాగి కొండలోనే ఉంది, ఇంకాస్త లోతుకి పోవాలి అని పట్టుబట్టారు. "ఆ గులకరాళ్ళ కింద రాగి దొరికితే మీసం తీసేస్తా" అన్నారు. ఆయన మీసం మామూలు మీసం కాదు. అత్తయ్య పెళ్ళిలో మొదటిసారి తలెత్తి చూసింది దాన్నే. జియాలజిస్టమ్మ చెయ్యి చాపింది. ఆయన రెండు వేళ్ళతో ఆ చెయ్యి పట్టుకుని ఊపారు.

మైదానంలోకి రిగ్గు వచ్చిన వారంలోనే నేను మా అయిదో తరగతి పిల్లల్ని చూపించడానికి తీసుకెళ్ళాను. జియాలజిస్టమ్మ అందరికీ టోపీలిచ్చి తాడు అవతల నిలబెట్టింది. మామగారు అప్పుడే షెడ్డు నుంచి ఖాళీ పెట్టెలు వేసుకుని వ్యానులో వచ్చారు. పిల్లలకి ఏదో చెప్పబోతూ మధ్యలో ఆగిపోయారు. ఆపి ఉంచిన రిగ్గు అవతల నుంచి ఒక గొణుగుడు వినపడుతోంది.

"...చిక్కగా కలపమంటే నీళ్ళలా కలుపుతారు, నీళ్ళలా కలపమంటే చిక్కగా కలుపుతారు, ఎవడికి చెప్పుకోను, చెప్పినా వినేదెవడు..."

మామగారి మొహంలో నెత్తురుచుక్క లేదు. చేతిలో పెట్టె కింద పెట్టి, తాడు దాటి, రిగ్గు చుట్టూ తిరిగి వెళ్ళారు. నేనూ వెనకే వెళ్ళాను, కళ్ళు తిరిగి పడతారేమోనని. అక్కడ బట్టతల, తెల్లగడ్డం ఉన్న పెద్దమనిషి ఒకాయన తొట్టి అంచు పట్టుకుని బురదలోకి చూస్తున్నాడు. ఇప్పుడాయన రిగ్గు పెద్ద, ఆ ముఠాకంతా మేస్త్రీ. ముందురోజు రాత్రే మైదానానికి వచ్చి చేరాడట.

మామగారు ఎదురుగా నిలబడ్డారు. ఆ పెద్దాయన తలెత్తి, "ఎవరండీ, టోపీ లేకుండా..." అంటూ విసుక్కోబోయి, ఆయన కుడిచెయ్యి చూశాడు. మొహం చూశాడు. మళ్ళీ చెయ్యి చూశాడు.

"బతికావా?" అన్నాడు.

"బతికించావు కదరా!"

గొణుగుడాయన తొట్టి అంచు మీద అలాగే కూలబడిపోయాడు. మామగారి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, తిప్పి తిప్పి చూశాడు. మణికట్టు, ముంజేయి, మోచెయ్యి దాకా తడిమాడు.

"కట్టు బాగానే పడిందన్నమాట" అన్నాడు చివరికి.

అతను చెప్పిన కథ ఇది. డాక్టర్లు మామగారిని లోపలికి తీసుకెళ్ళగానే, అప్పటిదాకా గట్టిగా ఉన్న ఈయన వరండాలో దబ్బున పడిపోయాడట. తేరుకునేసరికి కాంట్రాక్టరు లారీ గేటు దగ్గరుంది. ఎక్కమంటే ఎక్కాడు. బతికాడా అని తర్వాత ఎవరినైనా అడుగుదామంటే, లేడంటారేమోనని భయం. అందుకని అడగలేదు. అడగకుండా ఉన్నంతకాలం బతికి ఉన్నట్టే అనుకున్నాడు. ఎక్కడ పనిచేసినా కొత్తగా వచ్చినవాడికి పనికన్నా ముందు బెల్టు బిగించడం నేర్పేవాడు. అలా నేర్చుకున్నవాళ్ళు ఇంకెక్కడో ఇంకొకతన్ని కాపాడారని విన్నాడు కూడా.

"నీకు థాంక్స్ చెప్పాలని ఎంతలా వెతికానో తెలుసా? నీ పేరేంట్రా అసలు?" అన్నారు మామగారు, కళ్ళు తుడుచుకుంటూ.

గొణుగుడాయన చెప్పాడు. మామగారు ఆ పేరు రెండుసార్లు పలికి చూసి, తల అడ్డంగా ఊపారు. "ఉహూఁ. నప్పలేదు. గొణుగుడే బాగుంది."

అప్పుడు మా తరగతి పిల్లలందరూ ఎందుకో చప్పట్లు కొట్టారు. నాకు వాళ్ళని ఆపాలనిపించలేదు.

సాయంత్రం అతన్ని ఇంటికి తీసుకొచ్చారు. అత్తయ్యకి విషయం చెప్పగానే ఆవిడ ఏదో గొప్ప మాట అంటుందనుకున్నాను. ఆవిడ తన మెడలో వేలాడుతున్న టేపు తీసి, "అన్నయ్యగారూ, చేతులు చాపండి" అంది. భుజాలు, ఛాతీ, మెడ కొలిచింది. మర్నాటికల్లా చొక్కా కుట్టేసింది. నీలంరంగు, పొట్టిచేతులు.

"పొడుగుచేతులు పెట్టలేదండీ. యంత్రం దగ్గర తిరిగే మనిషి" అంది.

గొణుగుడాయన ఆ చొక్కా తొడుక్కుని, గుండీలు పెద్దవని, జేబు చిన్నదని గొణిగాడు. పని ఉన్నన్నాళ్ళూ ఒక రోజు తప్పించి ఒక రోజు అదే చొక్కా.

మైదానంలో మొదట చాలా లోతుదాకా గులకరాళ్ళే. తర్వాత ఎర్రటి కుళ్ళురాయి. జియాలజిస్టమ్మ అన్నం సరిగ్గా తినడం మానేసింది. సొమ్మంతా తనదీ, తనని నమ్మినవాళ్ళదీ. మామగారు పందెం సంగతి ఎత్తడం మానేశారు. ఒకరోజు భోజనాల వేళకి ముందు కోర్ గొట్టం పైకొచ్చింది. గొణుగుడాయన దాన్ని బల్ల మీద ఒంపి, ఏమీ గొణగకుండా పక్కకి జరిగాడట. ఆయన నోరు ఊరుకోవడం అందరికీ అదే మొదటిసారి.

మామగారు నీళ్ళు కొట్టారు. గులాబీరంగు రాయి. అడ్డంగా, నిలువుగా, వల అల్లినట్టు తెల్లటి గీతలు. ఆ గీతల నిండా ఇత్తడి రంగు మెరుపు, పైరైటు కన్నా చిక్కటి పసుపు. అక్కడక్కడ నెమలికంఠం రంగు. జియాలజిస్టమ్మ భూతద్దం పెట్టి చూసి, ఆ కడ్డీ మీదే నుదురు ఆనించి ఉండిపోయింది. పరీక్షల్లో రాగితోపాటు బంగారం కూడా ఉందని తేలింది. కంటికి కనపడేంత కాదు, రాయిలో కలిసిపోయి ఉండే బంగారం. అయినా ఉంది.

మామగారు ఆవిడ తల మీద ఎడమచెయ్యి వేసి, "నువ్వు గెలవాలని మొక్కుకుంటూనే నీ మీద పందెం కాశానమ్మా" అన్నారు.

మీసం గొణుగుడాయనే తీశాడు, రిగ్గు పక్కన స్టూలు వేసి, ఆ ముఠా అంతా చుట్టూ నిలబడగా. "కదలకు. నవ్వకు. నవ్వితే పెదవి కూడా పోతుంది, ఇప్పటికే పోయినవి చాలు" అంటూ. ఇంటికొస్తే తలుపు తీసిన అత్తయ్య, "ఎవరు కావాలండీ?" అంది. నిజంగానే పోల్చుకోలేదు. పోల్చుకున్నాక గుమ్మం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టి, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. ఆ ఏడుపు మీసం కోసం కాదు. ఆసుపత్రి మంచం పక్కన ఏడవకుండా దాచుకున్నది ఇన్నాళ్ళకి బయటికొచ్చిందని నాకనిపించింది.

గని ఇంకా రాలేదు. వస్తుందో రాదో కూడా తెలియదు. తర్వాత వేసిన గుంతల్లో కొన్ని బాగున్నాయి, కొన్ని లేవు. పెద్ద కంపెనీవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. నీళ్ళ సంగతి తేలాలి, వాగు ఏమవుతుందో తేలాలి, ఊరివాళ్ళతో మాట్లాడాలి. జియాలజిస్టమ్మ ఊళ్ళో ప్రతి సమావేశానికీ వచ్చి, అడిగినదానికల్లా ఓపిగ్గా జవాబిస్తోంది. తెలియనిది తెలియదనే చెబుతోంది. మామగారు ఉద్యోగం మానుకున్నారు. షెడ్డులో ఇప్పుడు ఇద్దరు ఆడవాళ్ళు పనిచేస్తున్నారు. వాళ్ళకి పని నేర్పమని జియాలజిస్టమ్మ అడిగితే మామగారు కొన్నాళ్ళు వెళ్ళొచ్చారు. గని వస్తే మంచిదా అని నేనొకసారి అడిగాను.

"అది నేను చెప్పలేనమ్మా. నాకు రావాల్సినవి నాకు వచ్చేశాయి. ఇక ఊరికి ఏది మంచిదో ఊరు చూసుకోవాలి" అన్నారు.

పని ముగిశాక గొణుగుడాయన తన కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆదివారం పొద్దున ఇద్దరిలో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఇద్దరికీ రిగ్గు మోతకి చెవులు అంతంతమాత్రమే. మామగారు వరండాలో నిలబడి వీధంతా వినపడేలా అరుస్తారు. అవతల నుంచి కూడా అరుపులే. మొన్న ఆదివారం చాలాసేపు అరిచి, ఫోన్ పెట్టేసి, తృప్తిగా కుర్చీలో కూర్చున్నారు.

"ఏమంటున్నారు మామయ్యా?" అని అడిగాను.

"ఏమో, ఒక్క ముక్క వినపడలేదు" అన్నారు. "గొణుగుతున్నాడు. బాగానే ఉన్నాడు."